అన్నయ్య బండిలో గాలిపంపు

వదిన ఫోన్ చేసి, "పంపు తీసేయాలయ్యా, నువ్వే రావాలి" అన్నప్పుడు పొగమాస్టారు నీళ్ళ మోటారు సంగతేమో అనుకున్నాడు.

"ప్లంబరుకి చెప్పకపోయారా వదినా?"

"నీళ్ళ పంపు కాదయ్యా. బండిలో పంపు. మీ అన్నయ్య బండిలోది. బిగుసుకుపోయింది. బెల్టు దాని మీద జారుతూ ఒకటే కీచుమంటోంది. నిన్న నేను వీధి మలుపు తిరిగేలోపు పక్కింటావిడ రెండు చెవులూ మూసుకుంది."

ఆ పంపు ఊసు పొగమాస్టారి దగ్గర ఎత్తగలిగేవాళ్ళు ఇద్దరే. అందులో అన్నయ్య పోయి రెండేళ్ళయింది.

"ఇన్నేళ్ళూ ఆ పంపులు లేవని బళ్ళను వెనక్కి పంపినవాణ్ణి నేను. ఇప్పుడు నా చేత్తోనే పీకమంటారా?"

"నలభై ఏళ్ళు దాటిన బళ్ళకి ఆ పరీక్షే అక్కర్లేదట కదా. మీ ఆఫీసుకే వెళ్ళి కనుక్కున్నాను. కాగితం కూడా ఇచ్చారు. నీకు నమ్మకం లేకపోతే ముద్ర చూసుకో."

"అది కాదు వదినా. మంచి మెకానిక్కు ఎవరైనా..."

"మెకానిక్కు వీధికొకడున్నాడు. నాకు నువ్వు కావాలి. ఆదివారం తొమ్మిదింటికల్లా రా. పాత చొక్కా వేసుకుని రా" అని వదిన ఫోన్ పెట్టేసింది.

ఆయన అసలు పేరు పెన్షను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వాహనాల పరీక్షా కేంద్రంలో చేరిన కొత్తలోనే అందరూ పొగమాస్టారు అనడం మొదలుపెట్టారు. వరసలో వచ్చిన బండి వెనక వంగి, సైలెన్సర్ గొట్టంలో మీటరు కడ్డీ దూర్చి, పొగలో విషమెంతో చూసి, కాగితం మీద ముద్ర వేయడం ఆయన పని. కొన్నాళ్ళకి మీటరు వెలగకముందే వాసన పట్టి అంకె చెప్పేవాడు. చాలాసార్లు సరిపోయేది. చూసీ చూడనట్టు పోవడం మాత్రం ఆయనకు చేతకాలేదు. ముక్కుసూటి మనిషి అనేవాళ్ళు అందరూ. ముక్కుతో చేసే ఉద్యోగం కాబట్టి ఆ మాట అన్నప్పుడల్లా ఆఫీసంతా నవ్వేది.

ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడైన అన్నయ్యది వేరే తీరు. పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు తయారుచేసి ఇచ్చేవాడు. వీధిలో అందరికీ ఆయన పళ్ళాయన. తాను చేసిన పళ్ళు పెట్టుకున్న ముసలివాళ్ళెవరైనా ఎదురైతే, "ఏదీ, ఒక్కసారి నవ్వండి" అని దారిలోనే ఆపేసి, వాళ్ళ నోట్లో తన పనితనం చూసుకుని మురిసిపోయేవాడు. అబద్ధం ఆడితే నాలుగు రోజులు కడుపులో దాచుకోలేకపోయేవాడని, నవ్వొస్తే ముఖం ఎర్రబడిపోయేదని ఇంట్లోవాళ్ళు అనుకునేవారు.

ఆ బండి దొరికింది పొగమాస్టారికి పంతొమ్మిదేళ్ళప్పుడు. అన్నయ్యకి అప్పుడే పెళ్ళయింది. ఊరి చివర ఒక కోళ్ళఫారం షెడ్డులో, గడ్డి బస్తాల కింద ముక్కు నలిగిపోయి పడి ఉంది. పొట్టిది, రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. కూర్చుంటే నేల అరచేతికి అందుతుంది. ఎవరో గోడకు గుద్ది వదిలేశారు. కోళ్ళు డ్రైవరు సీటులో గుడ్లు పెడుతున్నాయి. అన్నదమ్ములిద్దరూ దానికి తాడు కట్టి, అరువు తెచ్చిన ట్రాక్టరుతో ఇంటికి లాక్కొచ్చారు. కొత్త కోడలు గుమ్మంలో నిలబడి, "దీన్ని ఇంట్లోకి తేవద్దు, ముందు స్నానం చేయించండి" అంది. తనే పైపు పట్టుకుని కడిగింది కూడా.

ఇంజను బాగుచేయడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పుడే ఆ పంపు కంటపడింది. ఇంజను పక్కన బెల్టుతో తిరుగుతూ, బయటి గాలిని ఒక రబ్బరు గొట్టంలోంచి నెట్టి, నాలుగు సన్న పైపుల గుండా పొగ వెళ్ళే దారుల్లోకి ఊదుతుంది. పొగలో మిగిలిపోయిన పెట్రోలు ఆ గాలితో కలిసి అక్కడే కాలిపోతుందని కంపెనీ వాళ్ళ లెక్క. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒరేయ్, లోపలే సరిగ్గా కాలిస్తే బయట ఊదడం దేనికి? ఇది వంట రానివాడు తెచ్చిపెట్టుకున్న అప్పడంరా" అన్నాడు. ఇద్దరూ కలిసి పంపు ఊడదీశారు. రంధ్రాలకు బోల్టులు బిగించారు. పంపుని గుడ్డలో చుట్టి షెల్ఫు మీద పడేశారు. ఆ తర్వాత పదేళ్ళ పాటు ఆదివారమంటే ఆ బండే. అన్నయ్యా తమ్ముడూ కలిసి వెళ్తే వదిన ఇంట్లో, అన్నయ్యా వదినా వెళ్తే తమ్ముడు ఇంట్లో. రెండే సీట్లు మరి. తిరిగొచ్చాక ఎవరు ఎక్కువ దూరం వెళ్ళారో పోటీ.

తర్వాత తమ్ముడికి పరీక్షా కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్ళకి పాత బళ్ళన్నీ పరీక్షకి రావాలని, తయారైనప్పుడు ఏ సామాను ఉందో అదంతా ఉండి తీరాలని కొత్త నిబంధన పెట్టారు.

ఆ రోజు వరసలో అన్నయ్య బండి పన్నెండోది. పొగమాస్టారు బానెట్ ఎత్తి, "పంపేది?" అన్నాడు.

"ఏ పంపురా? నువ్వూ నేనూ కలిసి పీకాం కదా. షెల్ఫు మీద నిద్రపోతోంది."

"బిగించి తీసుకురా అన్నయ్యా."

అన్నయ్య జోకనుకుని నవ్వాడు. పై అధికారి కూడా వచ్చి, "మీవాళ్ళే కదా, అంకె కూడా బాగానే ఉంది, పోనివ్వండి" అన్నాడు. పొగమాస్టారు తల అడ్డంగా ఊపి, తలెత్తకుండా తిరస్కరణ ముద్ర వేశాడు. అన్నయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఏడాది పాటు అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. మరుసటి ఏడు అన్నయ్య మళ్ళీ వరసలోకి వచ్చాడు. పంపు ఉంది. బెల్టు తిరుగుతోంది. గొట్టాలన్నీ బిగించి ఉన్నాయి. మీటరులో అంకె హద్దులో సగం కూడా లేదు. ముద్ర వేసి కాగితం ఇస్తుంటే అన్నయ్య ముఖం కందిపోయి ఉంది. కోపం ఇంకా పోలేదనుకున్నాడు తమ్ముడు.

తర్వాత మాటలు కలిశాయి. పండక్కీ పబ్బానికీ ఒకరింటికొకరు వెళ్ళేవారు, పిల్లల పెళ్ళిళ్ళు కలిసి చేశారు. బండి దగ్గరికి మాత్రం అన్నయ్య మళ్ళీ పిలవలేదు. ఎప్పుడైనా తమ్ముడే కదిపితే, "దమ్ము పోయిందిరా దానికి, నీ పుణ్యమా అని" అనేసి మాట మార్చేసేవాడు. పొగమాస్టారు ఆ మాటని ఇరవై తొమ్మిదేళ్ళు మోశాడు. రూలు రూలే. తను తప్పు చేశాననుకోలేదు. అయినా అన్నయ్య ఇంట్లో బండి షెడ్డు తలుపు మూసి ఉండటం చూసినప్పుడల్లా ఆయన నడక నెమ్మదించేది.

ఆదివారం తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే చేరాడు. వదిన షెడ్డు తలుపులు బార్లా తీసి, నేల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, పానాలు సైజుల వారీగా పేర్చి పెట్టింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. జుట్టు ముడి మీద రుమాలు కట్టుకుంది. అన్నయ్యకి చూపు మందగించాక బండి నడిపిందంతా ఆవిడే.

బానెట్ ఎత్తగానే వాసన కొట్టింది. వేడెక్కి ఆరిన నూనె, పాత రబ్బరు, కాస్త పెట్రోలు. పొగమాస్టారు రెండు చేతులూ అంచు మీద ఆనించి అలాగే ఉండిపోయాడు.

"వాసన చూసి ముద్ర వేస్తావా, పని మొదలుపెడతావా?" అంది వదిన.

ముందు పంపు బోల్టు వదులు చేసి, బెల్టు తప్పించాడు. చేత్తో తిప్పబోతే పంపు కదల్లేదు. లోపల రెక్కలు ఎప్పుడో విరిగి ఇరుక్కున్నట్టున్నాయి. ఇలాంటి పంపు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు. అక్కడివరకూ సాఫీగానే సాగింది. ఇంజను తలలోకి దిగిన నాలుగు పైపుల దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్నేళ్ళ వేడికి నట్లు ఇనుములో ఇనుమై కలిసిపోయాయి. తుప్పు వదిలే నూనె పోశాడు, సుత్తితో మెల్లగా తట్టాడు, గ్యాస్ మంటతో కాచాడు. మొదటిది వచ్చింది. రెండోదీ, నాలుగోదీ వచ్చాయి. మూడోది ఉడుంపట్టు పట్టింది.

"మీ అన్నయ్య అయితే ఈపాటికి దాన్ని మూడు తరాలు తిట్టేవారు" అంది వదిన, లైటు పట్టుకుని.

"నాకు తిట్లు రావు వదినా."

"తెలుసు. అందుకే అది కదలట్లేదు. ఉండు." ఆవిడ వంగి నట్టుతో రహస్యంగా ఏదో అంది. పొగమాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. మరి నూనె పనిచేసిందో, తిట్టే పనిచేసిందో, ఈసారి పానా వేసి లాగితే నట్టు కిర్రుమని తిరిగింది.

టీ తాగాక గొట్టాల పని పట్టాడు. పంపు నుంచి వెళ్ళే లావు రబ్బరు గొట్టం ఊడదీసి, అలవాటుగా వెలుతురుకేసి పెట్టి ఒక కన్నుతో చూశాడు. అవతలి వెలుతురు కనబడలేదు.

"ఎలుక గూడు కట్టినట్టుంది" అంటూ సన్న కర్ర ఒకటి తీసుకుని తోశాడు. లోపలున్నది కాసేపు మొరాయించి, ఠప్పున బయటపడి న్యూస్‌పేపరు మీద దొర్లింది.

గులాబీ రంగు ముద్ద. బొటనవేలంత లావు, గొట్టం కొలతకి సరిగ్గా, నున్నగా ఉంది. చేతిలోకి తీసుకుని నూనె తుడిచాడు. కట్టుడు పళ్ళకి చిగుళ్ళు పోసే సరుకు అది. ఒక కొసన, పంపు వైపున్న ముఖం మీద, రెండు ముందరి పళ్ళు అమర్చి ఉన్నాయి. చిన్నవి, తెల్లగా, ఇకిలిస్తున్నట్టు.

పొగమాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆనాడు రెండో పరీక్షలో పంపు దగ్గర సుయ్యిమని గాలి చప్పుడు వినబడింది. పంపు జోరుగా ఉందని లోలోపల మెచ్చుకున్నాడు కూడా. అది గొట్టం మూసుకుపోయి, దారిలేక పక్క మూతలోంచి తప్పించుకుంటున్న గాలని ఇప్పుడు తెలిసింది. ముందు వచ్చింది నవ్వు కాదు, కోపం.

"నా సంతకం ఉంది వదినా దాని మీద! అన్నీ సరిగ్గా ఉన్నాయని నా చేత్తో రాసిచ్చాను. మీకు తెలుసా ఇది?"

"తెలుసు" అంది వదిన. లైటు ఆర్పి, ఆయనకెదురుగా పాత టైరు మీద కూర్చుంది. "మన వంటింట్లోనే ఉడికించారు. నా పాలగిన్నెలో. ఆ గిన్నె మళ్ళీ పనికిరాలేదు."

"ఎందుకు చేశాడు?"

"మొదట పంతానికే. పంపు ఊదకుండానే నీ మీటరు ముందు నెగ్గాలని. ఆరు వారాలు నిద్రాహారాలు మాని కార్బొరేటర్లు సర్దారు. ప్లగ్గులు తీయడం, రంగు చూడటం, మళ్ళీ పెట్టడం. అంకె ఎంతొచ్చిందో గుర్తుందా నీకు?"

"హద్దులో సగం కూడా లేదు" అన్నాడు పొగమాస్టారు మెల్లగా. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత కూడా ఆ అంకె కళ్ళముందే ఉంది. అంత శుభ్రమైన పొగ ఆ నెలలో ఇంకో బండికి రాలేదు. పంపు చలవే అనుకున్నాడు తను.

"ఆ రోజు ఇంటికొచ్చి పడీ పడీ నవ్వారు. నీ ముందు నవ్వు ఆపుకోలేక ముఖం కందిపోయిందట. నాలుగు రోజులు అదే పాట. ఐదో రోజు పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకుని వచ్చి, 'ఏమేవ్, ఇది ఎవరైనా పట్టుకుంటే వాడి ఉద్యోగం ఏమవుతుంది?' అన్నారు. అంతే. ఆ నవ్వు మళ్ళీ రాలేదు. తర్వాత పరీక్షలన్నిటికీ అవతలి కేంద్రానికి తీసుకెళ్ళారు. నిన్ను బండి దగ్గరికి రానిస్తే బానెట్ ఎత్తుతావు. ఎత్తితే నీ ముక్కు ఊరుకోదు. తెలిశాక నువ్వు కడుపులో దాచుకునే మనిషివి కాదు."

"తీసేసి ఉండొచ్చు కదా."

"తీస్తే ఆయన ఓడిపోయినట్టు కాదూ! మీ ఇంటి మగాళ్ళ సంగతి నీకు తెలీదా?"

పొగమాస్టారు ఆ గులాబీ ముద్దని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. "దమ్ము పోయింది" అన్న మాట తనని షెడ్డు గడప దాటనివ్వకుండా అన్నయ్య వేసిన గడియ అన్నమాట. కోపంతో కాదు, భయంతో. తను ఇవతల, అన్నయ్య అవతల, ఇరవై తొమ్మిదేళ్ళ ఆదివారాలు.

"నామీద కోపం పోలేదనుకున్నాను" అన్నాడు.

"కోపం ఒక్క ఏడాదే. అది కూడా ముద్ర వేసినందుకు కాదు, వేసేటప్పుడు నువ్వు ఆయన మొహంలోకి చూడలేదని. 'వాడు వదిలేసి ఉంటే నాకే సిగ్గుగా ఉండేది' అని నాతో ఎన్నిసార్లు అన్నారో. నువ్వు రిటైరయ్యే రోజున నిన్ను ఇక్కడికి తీసుకొచ్చి, నీ చేతే ఆ గొట్టం పీకించాలని ఆయన కోరిక. ఏం మాట్లాడాలో కూడా రాసుకున్నారు. ఈలోగా ఆస్పత్రి..." వదిన రుమాలు విప్పి మళ్ళీ కట్టుకుంది. "ఇంకెవరినైనా పిలిస్తే ఆ గొట్టాన్ని అలాగే చెత్తలో పడేసేవాడు."

"అప్పుడే చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణంటారు?"

"తిరస్కరణ ముద్ర వేసేవాడివి."

పొగమాస్టారు నిజాయితీగా ఆలోచించాడు. "వేసేవాణ్ణి" అన్నాడు.

అప్పుడు వచ్చింది నవ్వు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. వదిన కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆయన ఒక దగ్గర ఆగలేక, మసి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ముఖం నిండా నల్లటి చారలు పడ్డాయి. వదిన ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి సబ్బూ తువ్వాలూ తెచ్చి పక్కన పెట్టింది.

మధ్యాహ్నం పని చకచకా సాగింది. నాలుగు రంధ్రాలకీ రాగి వాషర్లు వేసి బోల్టులు బిగించాడు. కార్బొరేటర్ల వైపు వెళ్ళే సన్న గొట్టం ఊడినచోట మూత పెట్టాడు. పొట్టి బెల్టు వేశాడు. పెట్రోలు ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా ఒకటి మూలన ఉంది. వదిన దాన్ని చూపించి, "ఇదీ ఆ బాపతేగా, పీకెయ్యి" అంది.

"అది ఉండనివ్వండి. ఇంజనుకి అడ్డం రాదు. షెడ్డులో కంపు రాకుండా చూస్తుంది. అనవసరమైంది తీద్దాం గానీ, పనిచేసేదాని మీద మనకేం కక్ష?"

"రిటైరైనా నీ ఉద్యోగం పోలేదు" అంది వదిన.

పంపు, పైపులు, గొట్టాలు అన్నీ కలిపి తూస్తే ఒక పసిపిల్లాడంత బరువు. అవి తీసేశాక ఇంజను పక్కన అంత ఖాళీ ఉంటుందని ఆయన మర్చేపోయాడు. ఇరవయ్యేళ్ళప్పుడు చేయి దూర్చి ప్లగ్గులు తిప్పిన చోటు అది. వేళ్ళకి దారి ఇంకా గుర్తుంది.

స్టార్టు చేస్తే మొదట దగ్గింది, తర్వాత అందుకుంది. పొగమాస్టారు వెనక్కి వెళ్ళి గొట్టం దగ్గర వంగి వాసన చూశాడు. పెట్రోలు కాస్త ఎక్కువ. ముందుకొచ్చి స్క్రూ పావు చుట్టు తిప్పి, మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. అలా ఆరేడుసార్లు తిరిగాడు. చివరికి నడుం మీద చేయి వేసుకుని నిటారుగా నిలబడి, "చాలు" అన్నాడు. కీచుశబ్దం లేదు. గుండ్రటి, నిండైన చప్పుడు. ఎప్పటిదో, ఎక్కడిదో ఆయనకి చెప్పనక్కర్లేదు.

వదిన నడిపింది. ఆయన పక్కసీట్లో మోకాళ్ళు గడ్డం దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. వీధి దాటారు, రైలు గేటు దాటారు, గోదాముల పక్కనుంచి కొండ ఎక్కే దారి పట్టారు. ఎక్కుడులో ఆవిడ గేరు మార్చి కాలు నొక్కగానే బండి ఎవరో వెనకనుంచి తోసినట్టు ముందుకు దూకింది. గాలికి కళ్ళు నీళ్ళు కారాయి. ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడినా వినబడేది కాదు.

సగం కొండెక్కాక వదిన బండి పక్కకు ఆపి, దిగి, ఇటువైపు వచ్చి నిలబడింది. "జరుగు. నడిపి చూపిస్తావా, మర్చిపోయావా?"

మొదటిసారి క్లచ్చి వదలగానే బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. రెండోసారీ అంతే. వదిన కొండకేసి చూస్తూ నవ్వు ఆపుకుంది. మూడోసారి కదిలింది. రెండో మలుపు దగ్గర జేబులో ఫోన్ మోగితే, ఆయన బండి పక్కన ఆపి తీశాడు. భార్య.

"ఎక్కడున్నారండీ? భోజనానికి వస్తానని చెప్పి మూడైనా అజాపజా లేరు."

"బండిలో ఉన్నాను. కొండ మీద."

"ఏ బండి?"

"మా బండే. రెండు సీట్లది."

"అక్కయ్యగారు పక్కనున్నారా? అయితే ఇద్దరూ ఇటే రండి, అన్నం పెడతాను. నన్ను కూడా ఒకసారి తిప్పండి. పెళ్ళైన కొత్తలో ఎక్కించుకుంటానన్నారు, ఇంతవరకూ అతీగతీ లేదు."

"మరి వదిన?"

"నేను మీ ఇంట్లో కూర్చుని టీవీ చూస్తాను" అంది వదిన ఫోన్లోకి వంగి. "మీరిద్దరూ వెళ్ళిరండి. తొందరేం లేదు, పెట్రోలు నిండుగా ఉంది."

పొగమాస్టారు ఫోన్ జేబులో వేసుకుని, అద్దం సర్దుకుని, దిగుడు దారిలోకి బండి తిప్పాడు.